ఎరుకపరిచే గుర్తు: పచ్చబొట్టు నుంచి మెడికల్ అలర్ట్ టాటూ దాకా

మన పేరులోనే ఎరుక ఉంది. ఎరుక అంటే తెలిసి ఉండడం, ఎదుటివారికి తెలియజెప్పడం. చంకలో బుట్ట, చేతిలో కర్ర పట్టుకుని ఊరూరా తిరిగిన మన ఎరుకల అవ్వలు రెండు రకాలుగా ఎరుక చెప్పారు. నోటితో చెప్పింది సోది. సూదితో చెప్పింది పచ్చబొట్టు. సోది గురించి మన సభల్లో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. పచ్చబొట్టు సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. ఈ సంచికలో ఆ రెండోదాని గురించి మన యువతతో మాట్లాడాలనుకున్నాం.

దానికి ఒక కారణం ఉంది. గిరిజన బాలికల వసతి గృహాల్లో పనిచేసే మాకు, చదువు ముగించుకుని వెళ్లిన పిల్లల నుంచి ఈమధ్య ఒక ప్రశ్న వస్తోంది. ‘మేడమ్, నాకు షుగర్ ఉందని చేతి మీద టాటూ వేయించుకోవచ్చా? వేరే దేశాల్లో వేయించుకుంటున్నారట, ఫోన్లో చూశాను’ అని అడుగుతున్నారు. వేయించుకో అనో, వద్దు అనో ఒక్క మాట చెప్పి పంపవచ్చు. కానీ ఒంటి మీది గుర్తు అనేది మనకు కొత్త సంగతి కాదు. ఒకప్పుడు ఊళ్లవాళ్ల చర్మం మీద గుర్తులు పెట్టింది మన ఆడవాళ్లే. తరువాత ప్రభుత్వం వేలిముద్రలు పట్టుకుని గుర్తులు తీసుకున్నదీ మన దగ్గరే. ఈ రెండు సంగతులూ తెలుసుకుని, ఆ తరువాత పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.

అవ్వల చేతి పని

ఎరుకల వారిలో ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, కరివేపాకు ఎరుకల అని చేసే పనిని బట్టి పేర్లు వచ్చాయి. ఆ పనుల పక్కనే మన స్త్రీలు సోది చెప్పడం, పచ్చబొట్లు పొడవడం చేసేవారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు ప్రచురించాడు. మనల్ని, మనకు దగ్గరివారైన కొరవలను కలిపి రాస్తూ, పచ్చబొట్టు రంగు తయారుచేసే పద్ధతిని కూడా అందులో నమోదు చేశాడు. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, గుడ్డ మీద పూసి, ఒత్తిగా చుట్టి ఆముదం దీపంలో వెలిగించేవారు. పైన కొత్త కుండ బోర్లించేవారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, నీళ్లతోనో చనుబాలతోనో కలిపితే రంగు సిద్ధం. కొన్ని సూదులు కలిపి కట్టి, ఆ మసిలో ముంచి పొడిచేవారు. నల్లటి మసి చర్మం కిందికి చేరాక పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. అందుకే అది పచ్చబొట్టు అయింది.

ఆ పనిని ఒట్టి అలంకారం అనుకోకండి. చేతి మీద పేరు, తేలు బొమ్మ, గడ్డం మీద చుక్క, మోచేతి మీద వరుస చుక్కలు అన్నిటికీ ఒక్కో అర్థం ఉండేది. చచ్చాక వెంట వచ్చే సొమ్ము పచ్చబొట్టు ఒక్కటే అని మన పెద్దలు అనేవారు. కీళ్ల నొప్పి ఉన్నచోట పొడిపించుకునే అలవాటు కూడా పల్లెల్లో ఉండేది.

చదువుకున్నవాళ్లు కొందరు ఈ చివరి మాటను మూఢనమ్మకం అని తేల్చేస్తారు. ఆ పచ్చబొట్టు నొప్పి తగ్గిస్తుందని మేమూ చెప్పడం లేదు. అయితే పచ్చబొట్టును, వైద్యాన్ని కలిపి ఆలోచించడం మన ఊళ్లలో పుట్టిన వింత మాత్రం కాదు. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మనిషి శరీరం దొరికింది. ఐదువేల ఏళ్లకు పైబడిన ఆ శరీరానికి ఓట్జీ అని పేరు పెట్టారు. అతని ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. వాటికి వాడిందీ మసే. వాటిలో చాలా గుర్తులు నడుము దగ్గర, మోకాలి దగ్గర, చీలమండ దగ్గర ఉన్నాయి. ఎముకలు అరిగినచోట్లకు దగ్గరగా ఉన్నందువల్ల అవి నొప్పికి చేసిన వైద్యం కావచ్చని పరిశోధకులు భావించారు.

గుర్తు శిక్షగా మారిన కాలం

ఇప్పుడు కథ రెండో వైపు తిరుగుతుంది. ఉత్తర భారతంలో పచ్చబొట్టును గోద్నా అంటారు. అక్కడా అది ఆడవాళ్ల సింగారమే. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఆ పేరునే శిక్షకు వాడుకుంది. 1797 నాటి బెంగాల్ నిబంధన ప్రకారం, యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల నుదుటి మీద వారి నేరం పొడిచేవారు. ఖైదీ పారిపోతే చూసినవారు గుర్తుపట్టాలని దాని ఉద్దేశం. శిక్ష ముగిసినా, తీర్పు తప్పని తేలినా నుదుటి రాత చెరిగేది కాదు. తలపాగా కిందికి లాగి దాచుకోవడం తప్ప వారికి వేరే దారి లేకపోయింది. 1849లో ఆ శిక్షను రద్దు చేశారు.

సూది పోయింది కానీ మనిషికి గుర్తు వేయాలన్న ఆలోచన పోలేదు. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఫలానా కులంలో పుడితే చాలు, పుట్టుకతోనే దొంగ అని రాసిన చట్టం అది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. 1911లో నేరస్థ తెగల చట్టాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. నమోదైన వారి వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చారు. రాత్రిళ్లు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటితే పాసు ఉండాలి.

ఎరుకల వారిని ఆ జాబితాలో ఎందుకు చేర్చారో మన పిల్లలకు తెలియాలి. ఉప్పు ఎరుకల వారు కోస్తా నుంచి ఉప్పు తీసుకుని గాడిదల మీద లోపలి ఊళ్లకు చేరవేసి, ధాన్యం తెచ్చేవారు. రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద ప్రభుత్వ పన్ను, అదుపు పెరిగాయి. ఆ వ్యాపారం దెబ్బతిన్నది. బతుకుతెరువు పోయి తిరిగేవారిని అనుమానించడం పోలీసులకు తేలికైంది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతిని వివరంగా రాశారు. కళాశాలలో చదివే మన పిల్లలు దాన్ని తప్పక చదవాలి.

ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం 1913 ప్రాంతంలో ఈ చట్టం కిందనే ఏర్పడిన సెటిల్‌మెంటు. సాల్వేషన్ ఆర్మీకి దాని నిర్వహణ అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. అక్కడ పుట్టినవారిలో డాక్టర్లు, టీచర్లు, అధికారులు అయినవారున్నా, ఆ ఊరి పేరు చెబితే సినిమాల్లో ఈనాటికీ దొంగలే కనిపిస్తారు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కాగితం మీది చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా, మన పేరు మీద వేసిన ముద్ర పూర్తిగా పోలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఒక చేత్తో మన అవ్వ ఊరి ఆడపడుచు చేతి మీద ఆమె అడిగిన పువ్వు పొడిచింది. అదే అవ్వ ఇంటి మగవాళ్ల వేళ్లను పట్టుకుని, వారు అడగకుండానే, ప్రభుత్వం సిరాలో ముంచింది. ఏకలవ్యుడి వారసులమని చెప్పుకునే మనకు బొటనవేలి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మొదటి గుర్తు కోరుకుంటే వచ్చింది. రెండోది పుట్టుకను బట్టి రుద్దింది. ఈ తేడాను మనసులో ఉంచుకుని మిగతాది చదవండి.

ఇన్సులిన్ వచ్చాక పుట్టిన అవసరం

షుగర్ జబ్బు ఉన్నవారికి ఒంటి మీద గుర్తు అవసరమన్న ఆలోచన ఎప్పుడు వచ్చింది? మందు లేని రోజుల్లో ఆ అవసరమే లేదు. టైప్ 1 షుగర్ వచ్చిన పిల్లలు అప్పట్లో ఎక్కువ కాలం బతికేవారు కాదు. కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్, జాన్ మెక్లియోడ్, జేమ్స్ కాలిప్ కృషితో ఇన్సులిన్ వెలుగులోకి వచ్చింది. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదట ఇచ్చారు. మొదటి సూది అంతగా పనిచేయలేదు. మందును మరింత శుద్ధి చేసి, రెండు వారాల లోపే మళ్లీ ఇచ్చినప్పుడు పనిచేసింది. చావుకు దగ్గరైన పిల్లలు లేచి కూర్చున్నారు.

అయితే ఆ మందుతోపాటే ఒక కొత్త ప్రమాదమూ వచ్చింది. ఇన్సులిన్ వేసుకుని అన్నం ఆలస్యమైనా, మోతాదు ఎక్కువైనా, ఎండలో ఎక్కువ పనిచేసినా రక్తంలో షుగర్ పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. మాట తడబడుతుంది, నడక తూలుతుంది. అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. ఇంకా పడిపోతే స్పృహ తప్పుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. చూసేవారికి తాగినవాడిలాగో, దయ్యం పట్టినదానిలాగో కనిపిస్తుంది. సమయానికి కాస్త చక్కెర నోట్లో పడితే బతికే మనిషి, చుట్టూ జనం ఉండి కూడా ప్రాణం పోగొట్టుకోవచ్చు. నేను తాగలేదు, నాకు షుగర్ పడిపోయింది అని తన నోటితో చెప్పుకోలేని ఆ పది నిమిషాల కోసమే గుర్తు కావాలి.

అలా రోగులు జేబుల్లో కార్డులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒంటి మీద ధరించే గుర్తుకు అమెరికాలో పెద్ద ప్రచారం తెచ్చింది ఒక డాక్టర్ కుటుంబం. కాలిఫోర్నియాలోని టర్లాక్ ఊళ్లో మారియన్ కాలిన్స్ అనే డాక్టర్ ఉండేవారు. 1953లో ఆయన కూతురు లిండాకు వేలు తెగింది. ధనుర్వాతం రాకుండా ఇచ్చే సీరం పడుతుందో లేదో చూడడానికి వేసిన చుక్కంత మందుకే ఆ పిల్ల ప్రాణాపాయంలో పడింది. బతికి బయటపడ్డాక తల్లిదండ్రులకు బెంగ పట్టుకుంది. ఈసారి మనం పక్కన లేనప్పుడు ఎవరైనా అదే సూది వేస్తే? ఆమె చేతికి ఒక గొలుసు చేయించి, తనకు ఏది పడదో దాని మీద చెక్కించారు. 1956లో ఆ కుటుంబం మెడిక్‌అలర్ట్ అనే సంస్థను స్థాపించింది. అలర్జీలతోపాటు షుగర్, మూర్ఛ వంటి జబ్బులున్నవారికీ ఆ గొలుసులు చేరాయి.

గొలుసు నుంచి చర్మం మీదికి

గొలుసు తెగుతుంది, పోతుంది. స్నానానికి తీసి మరచిపోతాం. కొందరికి ఆ లోహం పడక దద్దుర్లు వస్తాయి. యంత్రాల దగ్గర పనిచేసేవారు చేతికి ఏదీ ఉంచుకోకూడదు. వెండిలా మెరిస్తే దొంగల భయం. ఈ చిక్కులతో విసిగిన కొందరు రోగులు ఆ గొలుసు మీది మాటలనే మణికట్టు మీద టాటూగా వేయించుకున్నారు. నాడి చూడడానికి మొదట పట్టుకునేది అక్కడే కదా అని వారి ఆలోచన. అంబులెన్సుల మీద కనిపించే నీలి నక్షత్రం, దాని మధ్య కర్రకు చుట్టుకున్న పాము, కింద డయాబెటిక్ టైప్ 1 అనే అక్షరాలు ఇలాంటి టాటూల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

ఇది ఏ ప్రభుత్వమో, ఏ వైద్య మండలో చెప్పగా మొదలైంది కాదు. రోగులే మొదలుపెట్టారు. అమెరికాలో సాలెహ్ అల్దసూకీ అనే షుగర్ వైద్య నిపుణుడు 2011 ప్రాంతంలో దీని గురించి వైద్య పత్రికల్లో రాశారు. రోగులు ఎలాగూ వేయించుకుంటున్నారు కాబట్టి డాక్టర్లు దీన్ని పట్టించుకోవాలని, ఒక పద్ధతి ఏర్పరచాలని ఆయన కోరారు.

2017లో ఎం.ఐ.టి., హార్వర్డ్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. ఒంట్లో గ్లూకోజ్ మారితే రంగు మారే సిరాను పంది చర్మం మీద పరీక్షించి చూపారు. అది ప్రయోగశాల దాటి రోగుల దగ్గరికి రాలేదు. ఫోన్లో వీడియో చూసి, షుగర్ చూపే టాటూ వచ్చేసిందని నమ్మకండి. వేలు గుచ్చి చూసే గ్లూకోమీటరుకు బదులు ఏ టాటూ పనికిరాదు.

చదివేవారు నమ్మకపోతే

గుర్తు పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. ఎదుటివారు దాన్ని చదవాలి, నమ్మాలి. అమెరికాలో జరిగిన రెండు సంగతులు చెబుతాం.

అణు యుద్ధం వస్తుందన్న భయంతో 1950ల మొదట్లో ఇండియానా రాష్ట్రంలోని లేక్ కౌంటీలో ఒక పథకం పెట్టారు. బడి పిల్లలకు కూడా రక్తం గ్రూపును ఎడమ చంక కింద పక్కటెముకల మీద పచ్చబొట్టుగా పొడిచారు. బాంబు పడితే చేతులు, కాళ్లు తెగిపోవచ్చు కాబట్టి మొండెం మీద ఉండాలన్నది వారి లెక్క. కానీ రక్తం ఎక్కించే డాక్టరు పచ్చబొట్టు చూసి రక్తం ఎక్కించడు. మళ్లీ పరీక్ష చేసుకునే ఎక్కిస్తాడు. ఆ పథకం కొన్నేళ్లకే ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ ఎస్.ఎస్. దళాలవారు కూడా చంక దగ్గర రక్తం గ్రూపు వేయించుకున్నారు. ప్రాణం కాపాడాలని వేసిన ఆ గుర్తే యుద్ధం ముగిశాక వారిని పట్టించింది. గుర్తుకు అర్థం చెప్పేది పెట్టినవారే కాదు, చదివినవారు కూడా.

రెండోది 2017లో మయామీలో జరిగింది. స్పృహ లేని ఒక 70 ఏళ్ల వ్యక్తిని ఆస్పత్రికి తెచ్చారు. అతని ఛాతీ మీద, నన్ను బతికించే ప్రయత్నం చేయవద్దని టాటూ, దాని కింద సంతకం ఉన్నాయి. నమ్మాలా వద్దా అని డాక్టర్లు తర్జనభర్జన పడ్డారు. ముందు వైద్యం చేశారు, తరువాత వైద్య నీతి నిపుణులను అడిగారు. చివరికి అతను రాసి ఉంచిన అధికారిక పత్రం దొరికాకే సందేహం తీరింది. చర్మం మీది మాటకు కాగితం మీది మాట తోడు కావలసి వచ్చింది.

షుగర్ టాటూకు ఈ చిక్కు కొంత తక్కువే. అది డాక్టరును ఏదీ మానమని చెప్పదు. ముందు షుగర్ చూడండి అని మాత్రమే చెబుతుంది. చూడడానికి నిమిషం కూడా పట్టదు, చూస్తే నష్టమూ లేదు. అయినా ఆ గుర్తు కోసం వెతకాలన్న అలవాటు మన దగ్గర ఇంకా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. మన తండాలకు, గూడేలకు, కాలనీలకు అది చేసిన మేలు తక్కువ కాదు. కానీ 108 వచ్చేలోపు మన పిల్ల చుట్టూ ఉండేది బస్సు కండక్టరు, తోటి ప్రయాణికులు, పక్క పొలంలో కూలికి వచ్చినవారు. వారు ఇంగ్లీషు అక్షరాలు చదవలేకపోవచ్చు. చదివినా మణికట్టు మీది టాటూను సరదా బొమ్మే అనుకోవచ్చు. అందుకే మెడలోనో పర్సులోనో తెలుగులో రాసిన కార్డు కూడా ఉండాలి. నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను, స్పృహ ఉంటే చక్కెర ఇవ్వండి, లేకపోతే 108కి ఫోన్ చేయండి, ఇంటి నంబరు ఇది అని పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

మన ఇళ్లలో, మన హాస్టళ్లలో

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, పెద్దవారిలో ఇది 11.4 శాతమని అందులో తేలింది. వీరిలో ఎక్కువమందిది టైప్ 2. పిల్లల్లో ఎక్కువగా వచ్చే టైప్ 1 వేరు. తీపి తిన్నందువల్లో, తల్లిదండ్రుల పాపం వల్లో అది రాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున నాశనం చేస్తుంది. ఇన్సులిన్ బతికినంత కాలం కావాలి.

మా హాస్టళ్లలో ఇన్సులిన్ వేసుకునే పిల్లలు చేరినప్పుడు తల్లిదండ్రులు తరచూ ఒక మాట అడుగుతారు. ‘అమ్మా, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు. రేపు పెళ్లి కావాలి కదా.’ ఆ తల్లి భయాన్ని మేము తక్కువ చేయం. పుట్టుకను బట్టి ముద్ర పడిన కులంలో ఇంకొక ముద్ర ఎందుకని ఆమె బాధ. కానీ ఎవరికీ తెలియకపోతే, అర్ధరాత్రి పక్క మంచం మీది పిల్లకు చెమటలు పట్టి పలవరిస్తుంటే స్నేహితురాళ్లకు ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? పీడకల అనుకుని దుప్పటి కప్పి పడుకుంటారు. అందుకని మేము తల్లిదండ్రులతో ఇలా చెబుతాం. ఊరంతటికీ చెప్పనక్కర్లేదు. రాత్రి పక్కన పడుకునే ఇద్దరికి, వార్డెనుకు, ఏఎన్ఎంకు, వంట అక్కకు, క్లాసు టీచరుకు తెలియాలి. ఎవరికి చెప్పామో పిల్లకూ తెలియాలి.

పెద్దయ్యాక ఆ పిల్లే టాటూ సంగతి అడుగుతుంది. ఒక అమ్మాయి మాతో అన్న మాట ఇది: ‘మేడమ్, ఇన్నాళ్లూ దాచుకోమన్నారు. ఇప్పుడు నేనే రాసుకుంటానంటే తప్పా?’ తప్పు కాదు. తన జబ్బు సంగతి తనంతట తాను చెప్పుకోవడానికి, ఎవరో తన నుదుట రాయడానికి పోలికే లేదు. అవ్వ సూది కింద ఇష్టంతో చేయి చాపిన ఆడపడుచుకు ఉన్న హక్కే ఈ అమ్మాయికీ ఉంది.

అలాగే ఇంకొక మాటా చెప్పాలి. ఏ బడి గానీ, ఏ హాస్టల్ గానీ, ఏ ప్రభుత్వ కార్యక్రమం గానీ, మీ మంచి కోసమే అంటూ జబ్బున్న పిల్లలకు చెరగని గుర్తు వేస్తానంటే మనం ఒప్పుకోకూడదు. కార్డు ఇవ్వండి, గొలుసు ఇవ్వండి, ఇన్సులిన్ సమయానికి ఇవ్వండి అని అడగాలి. చర్మం మీద నిర్ణయం ఆ మనిషిదే, అదీ పద్దెనిమిదేళ్లు నిండాకే. చరిత్ర మనకు నేర్పింది ఇదే.

వేయించుకునే ముందు

ఇష్టమై వేయించుకునేవారు ఈ సంగతులు గుర్తుంచుకోండి.

1. ముందు మీకు వైద్యం చేసే డాక్టరును అడగండి. షుగర్ అదుపులో లేనప్పుడు వేయించుకుంటే పుండు త్వరగా మానదు, చీము పట్టవచ్చు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకుని, డాక్టరు సరే అన్నాకే వెళ్లండి.

2. పాదాలు, చీలమండలు, కాలి పిక్కల ముందు భాగం వద్దు. షుగర్ ఉన్నవారికి అక్కడి గాయాలు ఆలస్యంగా మానుతాయి. ఇన్సులిన్ సూది వేసుకునే పొట్ట, తొడ, జబ్బ మీద కూడా వద్దు. మణికట్టు లోపలి వైపు గానీ, ముంజేయి గానీ మంచిది.

3. జాతరలో ఒకే సూదితో వరుసగా అందరికీ వేసేవాళ్ల దగ్గర వేయించుకోకండి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి ఆ సూది ద్వారానే వస్తాయి. కొత్త సూది ప్యాకెట్టు మీ కళ్ల ముందు విప్పాలి. సిరా చిన్న మూతలో వేరుగా పోయాలి, మిగిలింది పారేయాలి. చేతులకు కొత్త గ్లౌజులు ఉండాలి. మన అవ్వల కాలంలో ఈ జబ్బుల సంగతి ఎవరికీ తెలియదు. తెలిసిన మనం జాగ్రత్త పడాలి.

4. మాటలు తక్కువగా, మారనివిగా ఉండాలి. జబ్బు పేరు, ఇన్సులిన్ వాడకం చాలు. మోతాదు, మాత్ర పేరు, ఫోను నంబరు రాయించకండి, అవి మారుతాయి. టైప్ 2 ఉన్నవారి మందులు కాలక్రమంలో మారవచ్చు కాబట్టి వారికి టాటూ కన్నా కార్డే మేలు. అక్షరాలు ముద్దగా అతుక్కోకుండా పెద్దవిగా వేయించండి. పూలు, తీగల మధ్య దాచేస్తే అవసరానికి ఎవరికీ కనిపించదు.

5. వేసినచోట ఎర్రబడి వాపు పెరిగినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆకు పసరు పెట్టుకుని కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

6. టాటూ ఉంది కదా అని కార్డును, జేబులో గ్లూకోజ్ పొట్లాన్ని మానేయకండి.

జబ్బు లేనివారు నేర్చుకోవలసింది కూడా ఉంది. షుగర్ పడిపోయిన మనిషికి స్పృహ ఉండి, మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ గానీ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి షుగర్ చూడండి. 70 కన్నా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో, రొట్టో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఎట్టి పరిస్థితిలోనూ ఇన్సులిన్ వేయవద్దు. ఇది నేర్చుకోని ఊళ్లో ఎంత అందమైన టాటూ ఉన్నా ప్రయోజనం లేదు.

యువతకు మా మాట

ఈ తరం పిల్లలు అవ్వల పచ్చబొట్లను చూసి నామోషీ పడడం మేము చూశాం. ఇప్పుడు వాళ్లే పట్నంలో వేలు పోసి టాటూలు వేయించుకుంటున్నారు. రెండిటికీ తోవ ఒకటే. ఆ తోవలో మన ఆడవాళ్లు చాలా ముందుగా నడిచారు. ఇంట్లో అవ్వ ఉంటే ఆమె చేతి మీది బొమ్మలు ఫోటో తీయండి. ఏ బొమ్మ ఎందుకో అడిగి రాసిపెట్టండి. సూదులు ఎలా కట్టేవారో, ఎంత తీసుకునేవారో, ఏ ఊళ్లు తిరిగేవారో రాయండి. మన సంఘానికి పంపండి. ఆ తరం వెళ్లిపోతే చెప్పేవారు ఉండరు.

ఇక ఏ గుర్తు ఎదురైనా మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోండి. దీన్ని కోరుకున్నది ఎవరు? దీన్ని ఎవరు చదువుతారు? రేపు కూడా ఇది నిజంగానే ఉంటుందా? ఖైదీ నుదుటి రాతను, సెటిల్‌మెంటు వేలిముద్రను, ఇండియానా బడి పిల్లల రక్తం గ్రూపును ఈ మూడు ప్రశ్నలతో చూడండి. ఎక్కడో ఒకచోట అవి నిలబడవు. టైప్ 1 షుగర్ ఉన్న అమ్మాయి తానే కోరుకుని, మణికట్టు మీద స్పష్టంగా వేయించుకున్న నాలుగు మాటలు మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ నిలబడతాయి. రెండో ప్రశ్నకు జవాబు ఆమె చేతిలో లేదు, మన చేతిలో ఉంది. ఆ గుర్తును చదవగలిగే ఊరుగా, చదివిన వెంటనే చక్కెర డబ్బా అందుకునే ఊరుగా మన ఊరిని తయారుచేసే పని మీది.

ఎరుక చెప్పిన అవ్వల మనవళ్లు, మనవరాళ్లు మీరు. వచ్చే ఆగస్టు 31న విముక్త దినోత్సవానికి కాలనీలో సభ పెడితే, పాటలతోపాటు ఒక అరగంట ఇందుకూ కేటాయించండి. ఏఎన్ఎంను పిలిచి గ్లూకోమీటరు ఎలా వాడాలో చూపించమని అడగండి. ఇన్సులిన్ తీసుకునే పిల్లలు ఉన్న ఇళ్లకు వెళ్లి తెలుగు కార్డులు రాసి ఇవ్వండి.